బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్‌కు సున్నా ఎందుకు వస్తుంది?

వానాకాలంలో ఊరి బావిలో చల్లే బ్లీచింగ్ పౌడర్‌తో మొదలుపెడదాం. దాని ఫార్ములాలో ఒక కాల్షియం, ఒక ఆక్సిజన్, రెండు క్లోరిన్ పరమాణువులు ఉన్నట్టు పాఠ్యపుస్తకాలు రాస్తాయి. ఇందులో క్లోరిన్ ఆక్సీకరణ సంఖ్య ఎంత అని అడిగితే, నియమాలు బాగా కంఠస్థం చేసిన ఇంటర్మీడియట్ విద్యార్థి అర నిమిషంలో తేల్చేస్తాడు. కాల్షియం +2, ఆక్సిజన్ −2. మొత్తం మీద ఆవేశం లేదు కాబట్టి అన్నీ కలిపితే సున్నా రావాలి. తెలియని సంఖ్యను ‘క’ అనుకుంటే:

(+2) + (−2) + 2క = 0, కాబట్టి క = 0

లెక్కలో తప్పు లేదు. కానీ జవాబు చూసి ఒక్క క్షణం ఆగాలి. సున్నా అంటే క్లోరిన్ వాయువులో క్లోరిన్‌కు ఉండే సంఖ్య. ఆ వాయువునే నీళ్లతో ఆర్పిన సున్నం మీదికి పంపి బ్లీచింగ్ పౌడర్ తయారుచేస్తారు. పసుపుపచ్చని విషవాయువు తెల్లని పొడిలో కలిసిపోయింది. అయినా క్లోరిన్ స్థితిలో ఏ మార్పూ రాలేదని మన లెక్క చెబుతోంది. ఇది నమ్మదగిన మాటేనా?

కాదు. అక్కడ జరిగింది చాలా పెద్ద మార్పు. జంటగా ఉన్న రెండు క్లోరిన్ పరమాణువుల్లో ఒకటి ఎలక్ట్రాన్‌ను పొంది క్లోరైడ్ అయింది, దాని సంఖ్య −1. రెండోది ఆక్సిజన్‌తో కలిసి హైపోక్లోరైట్‌లో భాగమైంది, దాని సంఖ్య +1. నీళ్లలోని సూక్ష్మజీవులను చంపే పని ఈ రెండోదానిది. మొదటిది మన ఉప్పులో ఉండే క్లోరైడ్ లాంటిదే. ఈ +1నీ −1నీ కలిపి సగటు తీస్తే సున్నా వస్తుంది. విద్యార్థి లెక్కగట్టింది ఆ సగటునే.

ఆక్సీకరణ సంఖ్యల పాఠంలో చాలామంది తికమకపడేది ఇలాంటి చోట్లే. ఆరేడు నియమాలు, వాటికి నాలుగైదు మినహాయింపులు, ఆ మినహాయింపులకు మళ్లీ మినహాయింపులు అన్నట్టు ఈ పాఠాన్ని బట్టీ పట్టిస్తారు. నిజానికి వీటన్నిటి వెనక ఉన్న సూత్రం ఒక్కటే. అది మనసుకు ఎక్కితే మినహాయింపు అనే మాటే అక్కర్లేదు. అందుకే నియమాల పట్టికను పక్కనబెట్టి ముందు ఆ సూత్రం దగ్గరికే వెళ్దాం.

ఎలక్ట్రాన్లు ఎవరి ఖాతాలోకి?

రెండు పరమాణువుల మధ్య బంధం ఉందంటే సాధారణంగా వాటి మధ్య ఒక జత ఎలక్ట్రాన్లు ఉమ్మడిగా ఉన్నాయని అర్థం. ఉమ్మడి అన్నంత మాత్రాన సమానమని కాదు. ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే శక్తి ఒక్కో మూలకానికి ఒక్కో రకంగా ఉంటుంది. దీన్నే రుణవిద్యుదాత్మకత అంటారు. 1932లో అమెరికన్ రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ ఈ శక్తికి అంకెలు కట్టాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న విలువల ప్రకారం ఫ్లోరిన్‌కు 3.98, ఆక్సిజన్‌కు 3.44, క్లోరిన్‌కు 3.16, నైట్రోజన్‌కు 3.04, గంధకానికి 2.58, కార్బన్‌కు 2.55, హైడ్రోజన్‌కు 2.20. చాలా లోహాలు ఇంకా కిందనే ఉంటాయి. మాంగనీసుకు 1.55, సోడియంకు 0.93, పొటాషియంకు 0.82.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. బంధంలో ఉన్న రెండు ఎలక్ట్రాన్లనూ, ఆ ఇద్దరిలో ఎక్కువ బలమున్న పరమాణువుకే పూర్తిగా రాసి ఇచ్చేద్దాం. బంధం ఒకే మూలకపు పరమాణువుల మధ్య ఉంటే చెరొకటి పంచుదాం. ఇలా పంపకాలు అయ్యాక ఒక్కో పరమాణువు ఖాతాలో ఎన్ని ఎలక్ట్రాన్లు మిగిలాయో లెక్కపెడదాం. విడిగా ఉన్నప్పుడు దాని బాహ్య కక్ష్యలో ఉండే ఎలక్ట్రాన్ల కంటే ఎన్ని తగ్గితే అంత ధన సంఖ్య, ఎన్ని పెరిగితే అంత రుణ సంఖ్య. ఆక్సీకరణ సంఖ్య అంటే ఇంతే.

నీటి అణువు చూడండి. ఆక్సిజన్‌కు సొంతంగా ఆరు బాహ్య ఎలక్ట్రాన్లు. రెండు హైడ్రోజన్లతో రెండు బంధాలు. ఆ బంధాల్లోని నాలుగు ఎలక్ట్రాన్లూ ఆక్సిజన్‌కే చెందుతాయి. బంధాల్లో పాల్గొనని నాలుగు ముందే ఉన్నాయి. మొత్తం ఎనిమిది. ఉండవలసిన ఆరు కంటే రెండు ఎక్కువ కాబట్టి −2. ఒక్కో హైడ్రోజన్ తనకున్న ఒక్కటీ పోగొట్టుకుంది కాబట్టి +1.

ఇదే పద్ధతిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు వర్తింపజేద్దాం. ఇందులో రెండు ఆక్సిజన్లు ఒకదాన్నొకటి పట్టుకుని, చెరొక హైడ్రోజన్‌నూ పట్టుకుని ఉంటాయి. ఒక్కో ఆక్సిజన్‌కు హైడ్రోజన్ బంధం నుంచి రెండు ఎలక్ట్రాన్లు వస్తాయి, రెండో ఆక్సిజన్‌తో ఉన్న బంధం నుంచి పంపకంలో ఒక్కటే వస్తుంది, సొంతంగా మిగిలినవి నాలుగు. మొత్తం ఏడు. అంటే −1. ‘పెరాక్సైడ్‌లలో తప్ప ఆక్సిజన్ సంఖ్య −2’ అని బట్టీ పట్టిన మినహాయింపు ఇక్కడ అదే పంపకం నుంచి దానంతటదే వచ్చింది. ఫ్లోరిన్‌తో కలిసినప్పుడు ఆక్సిజన్‌కు +2 రావడమూ ఇంతే. ఆక్సిజన్ కంటే బలమైన మూలకం ఫ్లోరిన్ ఒక్కటే. దాని ముందు ఆక్సిజన్ కూడా ఇచ్చుకోవలసిందే.

హైడ్రోజన్ విషయమూ అలాగే తేలిపోతుంది. 2.20 అనే అంకె పట్టికలో సుమారుగా మధ్యలో ఉంటుంది. అందుకే ఆక్సిజన్, నైట్రోజన్, క్లోరిన్, కార్బన్ వంటి అలోహాల పక్కన హైడ్రోజన్‌కు +1, సోడియం, కాల్షియం వంటి లోహాల పక్కన −1. సిలికాన్ విలువ 1.90 కాబట్టి సిలేన్ అనే వాయువులో హైడ్రోజన్ −1, సిలికాన్ +4. ఆవర్తన పట్టికలో దాని పై గదిలో ఉన్న కార్బన్ విలువ 2.55 కాబట్టి మీథేన్‌లో హైడ్రోజన్ +1, కార్బన్ −4. ఒకే కుటుంబం, ఒకే తరహా ఫార్ములా, గుర్తులు మాత్రం తారుమారు. ఫాస్ఫరస్ దగ్గరికి వస్తే దాని విలువ 2.19, హైడ్రోజన్‌ది 2.20. ఇంత దగ్గరగా ఉన్నప్పుడు ఎవరు ఎవరిని లాగుతున్నారో చెప్పడం కష్టమే. అయినా ఫాస్ఫీన్‌లో ఫాస్ఫరస్‌కు −3 రాయాలన్నది ఆనవాయితీ.

ఆనవాయితీ అన్న మాట కావాలనే వాడాను. ఆక్సీకరణ సంఖ్య పరమాణువు మీద నిజంగా ఉన్న విద్యుదావేశం కాదు. హైడ్రోజన్ క్లోరైడ్‌లో హైడ్రోజన్‌కు +1 రాస్తాం. కానీ నిజంగా క్లోరిన్ వైపు జరిగిన ఆవేశం ఒక ఎలక్ట్రాన్ ఆవేశంలో ఐదో వంతు కూడా ఉండదు. పొటాషియం పర్మాంగనేట్‌లో మాంగనీసుకు +7 రాస్తాం. అంతమాత్రాన ఏడు ఎలక్ట్రాన్లు వదులుకున్న ఒంటరి మాంగనీసు అయాన్ అందులో కూర్చుని ఉందని కాదు. ఇది మనం రాసుకునే పద్దు. అయితే కట్టుతప్పని పద్దు. ఒకరి ఖాతాలో తగ్గింది మరొకరి ఖాతాలో పెరగాల్సిందే కాబట్టి దాన్ని నమ్మి సమీకరణాలు తుల్యం చేయవచ్చు.

ఈ భావన కూడా ఒక్కరోజులో ఇంత స్పష్టంగా రాలేదు. ఆక్సీకరణం అంటే మొదట్లో ఆక్సిజన్‌తో కలవడమే. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లవోయిజర్ దహనాన్ని వివరించిన నాటి అర్థం అది. ఎలక్ట్రాన్ సంగతి తెలిశాక అర్థం విస్తరించి ఎలక్ట్రాన్లను కోల్పోవడంగా మారింది. పేరు మాత్రం పాతదే మిగిలింది. అందుకే ఆక్సిజన్ జాడే లేని చర్యను ఆక్సీకరణం అంటే విద్యార్థి బిత్తరపోతాడు. సోడియం, క్లోరిన్ కలిసి ఉప్పు అవడం అలాంటి చర్యే. అంతర్జాతీయ శుద్ధ, అనువర్తిత రసాయన శాస్త్ర సంఘం 2016లో ఇచ్చిన నిర్వచనం మనం పైన చేసిన ఊహనే చెబుతుంది. వేర్వేరు మూలకాల మధ్య ఉన్న బంధాలను పూర్తిగా అయానిక బంధాలుగా భావిస్తే పరమాణువు మీద మిగిలే ఆవేశమే దాని ఆక్సీకరణ స్థితి.

పచారీ కొట్టులో లెక్కలు

ప్రతిసారీ బొమ్మ గీసి ఎలక్ట్రాన్లు లెక్కపెట్టడం శ్రమ. అందుకే దగ్గరి దారి ఉంది. సంఖ్య స్థిరంగా ఉండే మూలకాలను ముందు రాసేసి, మిగిలినదాన్ని కూడికతో పట్టుకోవడం. సమ్మేళనాల్లో సోడియం, పొటాషియం ఎప్పుడూ +1, మెగ్నీషియం, కాల్షియం, బేరియం +2, అల్యూమినియం సాధారణంగా +3, ఫ్లోరిన్ ఎప్పుడూ −1. తర్వాత హైడ్రోజన్, ఆ తర్వాత ఆక్సిజన్. ఈ వరుసలో ముందున్నదాని మాటే నెగ్గుతుంది. విడి మూలకానికి సున్నా. అణువులో అన్నిటి మొత్తం సున్నా, అయాన్‌లో అన్నిటి మొత్తం ఆ అయాన్ మీదున్న ఆవేశం.

మన పచారీ కొట్లలో, ఎరువుల దుకాణాల్లో దొరికే వాటితోనే దీన్ని సాధన చేయవచ్చు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. తోటల్లో తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమానికి సున్నంతో పాటు కావలసింది ఇదే. సల్ఫేట్ అయాన్‌లో ఒక గంధకం, నాలుగు ఆక్సిజన్లు, మొత్తం మీద −2 ఆవేశం.

క + 4 × (−2) = −2, కాబట్టి క = +6

గంధకం +6, రాగి +2. కడప ప్రాంతంలోని మంగంపేట గనుల్లో తవ్వే ముగ్గురాయి బేరియం సల్ఫేట్. అందులోనూ గంధకం +6నే. పటికలో కూడా అంతే. పటిక ఫార్ములా చూడగానే భయపెడుతుంది. ఒక పొటాషియం, ఒక అల్యూమినియం, రెండు సల్ఫేట్లు, పన్నెండు నీటి అణువులు. కానీ నీటి అణువు మొత్తం సున్నా కాబట్టి పన్నెండింటినీ ఒక్క దెబ్బకు తీసి పక్కన పెట్టవచ్చు. మిగిలినవి +1, +3, రెండు సల్ఫేట్లకు −4. సరిపోయింది. పెద్ద ఫార్ములా వస్తే ముందు తెలిసిన అయాన్ల ముక్కలుగా విడగొట్టాలి. దీనికంటే మెరుగైన సలహా నేను ఇవ్వలేను.

సురేకారం పొటాషియం నైట్రేట్. నైట్రేట్‌లో నైట్రోజన్‌కు క + 3 × (−2) = −1, అంటే +5. కళాయి పూసేవాళ్లు వాడే నవాసారం అమ్మోనియం క్లోరైడ్. అమ్మోనియం అయాన్‌లో క + 4 × (+1) = +1, అంటే నైట్రోజన్‌కు −3. ఒకే నైట్రోజన్ ఒక పొట్లంలో +5, పక్క పొట్లంలో −3. నైట్రోజన్ బాహ్య కక్ష్యలో ఉన్నవి అయిదు ఎలక్ట్రాన్లు. అయిదూ పోతే +5, కక్ష్య నిండేలా మరో మూడు చేరితే −3. అది దాటి వెళ్లే దారి లేదు. అంటే ఈ రెండు పొట్లాలూ నైట్రోజన్‌కున్న రెండు కొసలు. అలాగే గంధకానికి −2 నుంచి +6, క్లోరిన్‌కు −1 నుంచి +7. లెక్క చేశాక జవాబు ఈ హద్దుల్లో ఉందో లేదో చూసుకోవడం మంచి అలవాటు. ఆ అలవాటు ఎంత పెద్ద తప్పును పట్టిస్తుందో ముందుముందు చూద్దాం.

పొటాషియం డైక్రోమేట్ దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు వేరు. రెండు పొటాషియం, రెండు క్రోమియం, ఏడు ఆక్సిజన్. 2 × (+1) + 2క + 7 × (−2) = 0. ఇక్కడ 2క = 12 దాకా వచ్చి, క్రోమియం +12 అని రాసేసేవాళ్లు ప్రతి తరగతిలో ఉంటారు. ఆక్సీకరణ సంఖ్య ఎప్పుడూ ఒక్క పరమాణువుకు చెప్పేది. కాబట్టి +6. క్రోమియంకు ఇవ్వగలిగిన ఎలక్ట్రాన్లే ఆరు అని గుర్తుంటే +12 రాసే చెయ్యి ఆగిపోతుంది.

ఆ +6 కేవలం పరీక్ష కోసం కాదు. తోళ్ల శుద్ధిలో వాడేది క్రోమియం +3 లవణం. దానితో పోలిస్తే +6 రూపం ఎన్నో రెట్లు ప్రమాదకరం, క్యాన్సర్ కారకం. క్రోమేట్ అయాన్ ఆకారం సల్ఫేట్‌ను పోలి ఉంటుంది. కణంలోకి సల్ఫేట్‌ను చేర్చే దారుల గుండానే అది లోపలికి చొరబడుతుంది. +3 రూపానికి ఆ దారి దొరకదు. ఒడిశాలోని సుకిందా క్రోమైట్ గనుల చుట్టూ నీళ్ల గురించి ఏళ్ల తరబడి ఆందోళన సాగింది ఈ +6 క్రోమియం వల్లే. మూలకం అదే. ప్రాణానికి ముప్పో కాదో నిర్ణయించేది దాని ఖాతాలోని మూడు ఎలక్ట్రాన్ల తేడా.

లెక్క సరైనదే, జవాబు అసాధ్యం

డైక్రోమేట్ ఆమ్ల ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే ముదురు నీలి రంగు సమ్మేళనం ఏర్పడుతుంది. ఒక క్రోమియం, అయిదు ఆక్సిజన్లు. దగ్గరి దారిలో వెళ్తే క + 5 × (−2) = 0, కాబట్టి +10. క్రోమియం బాహ్య ఎలక్ట్రాన్లు ఆరే. పదింటిని ఎక్కడి నుంచి తెస్తుంది? హద్దు దాటిన జవాబు వచ్చిందంటే మనం −2 అనుకున్న ఆక్సిజన్‌లలో కొన్ని −2 కావని అర్థం. బొమ్మ గీస్తే విషయం బయటపడుతుంది. అయిదింటిలో ఒక్కటే క్రోమియంతో నేరుగా జంట బంధంలో ఉంది. మిగిలిన నాలుగూ రెండేసిగా చేయి చేయి పట్టుకుని, సీతాకోకచిలుక రెక్కల్లా అటూ ఇటూ అమరి ఉన్నాయి. అవి పెరాక్సైడ్ జతలు, ఒక్కోటి −1. ఇప్పుడు క + (−2) + 4 × (−1) = 0. జవాబు +6.

బేరియం పెరాక్సైడ్, లెడ్ డయాక్సైడ్ ఫార్ములాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒక లోహం, రెండు ఆక్సిజన్లు. బేరియంకు +2 కంటే పైకి పోయే దారి లేదు కాబట్టి అందులో ఆక్సిజన్ −1. సీసానికి నాలుగు బాహ్య ఎలక్ట్రాన్లు ఉన్నాయి. అందుకే లెడ్ డయాక్సైడ్‌లో సీసం +4, ఆక్సిజన్ −2. పేర్లలోని పెర్, డై అనే ముక్కలు ఊరికే పెట్టినవి కావు.

కొన్నిసార్లు భిన్నం వస్తుంది. అయస్కాంత ఇనుప ఖనిజం మాగ్నటైట్‌లో మూడు ఇనుము, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు. 3క = 8. ఒక్కో ఇనుముకు 8/3. ఎలక్ట్రాన్‌ను మూడు ముక్కలు చేయలేం కదా. నిజానికి మూడింటిలో ఒకటి +2, రెండు +3. భిన్నం వచ్చిందంటే అది సాధారణంగా సగటేనని గుర్తుపట్టాలి. సింధూరంగా వాడే రెడ్ లెడ్‌లోనూ మూడు సీసం, నాలుగు ఆక్సిజన్లే. సగటు అక్కడా 8/3నే. కానీ విడగొట్టి చూస్తే రెండు +2, ఒకటి +4. సగటు ఒకటే అయినా లోపలి పంపకం వేరు. సగటు మనకు ఎంత చెబుతుందో ఎంత దాస్తుందో ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. సగటు పూర్ణాంకంగా వచ్చినప్పుడు, బ్లీచింగ్ పౌడర్‌లో లాగా, దాచడం ఇంకా సులువు.

హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ మరీ చిక్కు. రెండు గంధకాల సగటు +2. విడివిడిగా ఎంత? ఒక గంధకం మధ్యలో ఉండి మూడు ఆక్సిజన్లను, రెండో గంధకాన్ని పట్టుకుంది. రెండు గంధకాల మధ్య ఒకే బంధం గీసి సమంగా పంచితే మధ్యదానికి +5, కొసదానికి −1. జంట బంధం గీస్తే +4, 0. కొస గంధకాన్ని సల్ఫేట్‌లోని ఆక్సిజన్ స్థానంలో కూర్చున్నదిగా భావిస్తే +6, −2. ఏది సరైనదని విద్యార్థులు వాదించుకుంటారు. గీసిన బొమ్మను బట్టి మూడూ నిలబడతాయి, ఎలా లెక్కించినా రెండింటి మొత్తం +4నే. సమీకరణం తుల్యం చేయడానికి కావలసింది ఆ మొత్తమే. పరీక్షలో ఏది రాయాలన్నది వేరే ప్రశ్న. అడిగింది సగటు సంఖ్యో, విడి సంఖ్యో ప్రశ్నను రెండుసార్లు చదివి చూసుకోవాలి.

సగటు దాచిపెట్టిన విషయం ఎంత భయంకరంగా ఉండగలదో అమ్మోనియం నైట్రేట్ చూపిస్తుంది. రెండు నైట్రోజన్లు, నాలుగు హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు. 2క + 4 − 6 = 0. సగటు +1. ఎంతో సాధువుగా కనిపించే అంకె. అయాన్లుగా విడగొడితే అమ్మోనియంలో −3, నైట్రేట్‌లో +5. ఇంతకుముందు రెండు వేర్వేరు పొట్లాల్లో చూసిన రెండు కొసలు ఇక్కడ ఒకే స్ఫటికంలో పక్కపక్కన ఉన్నాయి. ఎలక్ట్రాన్లు వదలడానికి సిద్ధంగా ఒకటి, అందుకోవడానికి సిద్ధంగా ఇంకొకటి. జాగ్రత్తగా వేడిచేస్తే నైట్రస్ ఆక్సైడ్, నీళ్లు వస్తాయి. ఆ వాయువులో నైట్రోజన్ సగటు సరిగ్గా +1. తీవ్రమైన వేడికి, తాకిడికి లోనైతే నైట్రోజన్ వాయువు దాకా, అంటే సున్నా దాకా దూకుతుంది. 2020 ఆగస్టు 4న బీరూట్ ఓడరేవులో పేలింది ఇదే. అక్కడ దాదాపు 2,750 టన్నులు నిల్వ చేసి ఉంచారు. పొలంలో ఎరువుగా పనికొచ్చే పదార్థం గోదాములో ఎందుకంత ప్రమాదమో అర్థం కావాలంటే +1 అనే సగటును నమ్ముకుంటే కుదరదు.

కార్బన్ మెట్లు

కర్బన సమ్మేళనాల దగ్గర చాలామంది ఆక్సీకరణ సంఖ్యలను వదిలేస్తారు. నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైనది ఇక్కడే ఉంది. మీథేన్‌లో కార్బన్ −4. మిథనాల్‌లో −2. ఫార్మాల్డిహైడ్‌లో 0. ఫార్మిక్ ఆమ్లంలో +2. కార్బన్ డయాక్సైడ్‌లో +4. రెండేసి ఎలక్ట్రాన్ల చొప్పున నాలుగు మెట్లు. మీథేన్ మండినప్పుడు కార్బన్ కింది మెట్టు నుంచి పై మెట్టుకు చేరుతుంది, దారిలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. మెట్టు ఎంత పైదైతే ఇక మండటానికి అంత తక్కువ మిగిలినట్టు. చివరి మెట్టు మీదున్న కార్బన్ డయాక్సైడ్ అసలు మండదు.

తాటికల్లు నిలవ ఉండి పుల్లబడటం మనకు తెలిసిందే. కల్లులోని ఇథనాల్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో బాక్టీరియా ఎసిటిక్ ఆమ్లంగా మార్చడమే అది. ఇథనాల్‌లో కార్బన్ సగటు −2, ఎసిటిక్ ఆమ్లంలో 0. ఇక్కడ సగటు తీసుకుంటే రెండు కార్బన్లూ రెండేసి ఎలక్ట్రాన్లు కోల్పోయాయని అనిపిస్తుంది. పంపకం చేసి చూస్తే కథ వేరు. మూడు హైడ్రోజన్లున్న కొస కార్బన్ అప్పుడూ ఇప్పుడూ −3నే. రెండో కార్బన్ మాత్రం −1 నుంచి +3కు వెళ్లింది. మార్పంతా ఒక్కచోటే, నాలుగు ఎలక్ట్రాన్లు. ఒక ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు సున్నా నుంచి −2కు దిగాలంటే కావలసినవీ నాలుగే. అందుకే ఒక ఇథనాల్ అణువుకు ఒక ఆక్సిజన్ అణువు చాలు. సమీకరణంలో గుణకాలు ఎవరో తంటాలుపడి ఊహించి పెట్టినవి కావు, ఈ పద్దు నుంచి వచ్చినవి.

పర్మాంగనేట్ రంగులు

ఈ పద్దును కళ్లతో చూడాలంటే మాంగనీసును మించిన మూలకం లేదు. విజయనగరం జిల్లా గరివిడి, చీపురుపల్లి వైపు వాళ్లకు దీని ఖనిజం కొత్తది కాదు. నల్లని పైరోలుసైట్ ప్రధానంగా మాంగనీస్ డయాక్సైడ్, అందులో మాంగనీసు +4. పొటాషియం పర్మాంగనేట్‌లో (+1) + క + 4 × (−2) = 0, అంటే +7, ముదురు ఊదా. పొటాషియం మాంగనేట్‌లో రెండు పొటాషియంలు కాబట్టి +6, ఆకుపచ్చ. +2 అయాన్ లేత గులాబీ, పలచని ద్రావణంలో రంగు ఉన్నట్టే కనిపించదు.

ఆమ్ల ద్రావణంలో పర్మాంగనేట్‌ను ఇనుము లవణంతో అంశమాపనం (చుక్కచుక్కగా పోస్తూ ఎంత పట్టిందో కొలవడం) చేసేటప్పుడు మాంగనీసు +7 నుంచి +2కు దిగుతుంది, అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. ఒక్కో ఇనుము +2 నుంచి +3కు ఎక్కుతూ ఒక్కటే ఇస్తుంది. కాబట్టి ఒక పర్మాంగనేట్‌కు అయిదు ఇనుములు. ఇనుముకు బదులు ఆక్సలేట్ తీసుకుంటే కార్బన్ +3 నుంచి +4కు వెళ్తుంది. ఒక్కో ఆక్సలేట్‌లో కార్బన్లు రెండు కాబట్టి అది ఇచ్చేవి రెండు. అయిదుకూ రెండుకూ పొత్తు కుదరాలంటే రెండు పర్మాంగనేట్లకు అయిదు ఆక్సలేట్లు. బ్యూరెట్ నుంచి పడే ఊదా చుక్కలు కుప్పెలో పడగానే మాయమవుతూ ఉంటాయి. ఇచ్చేవాళ్లు అందరూ అయిపోయాక పడిన మొదటి చుక్క రంగు అలాగే నిలిచిపోతుంది. ఇంకో సూచిక అవసరమే లేదు.

ఆమ్లం లేనిచోట మాంగనీసు అంత కిందికి దిగదు. పర్మాంగనేట్ గింజలను తడి వేళ్లతో ముట్టుకుంటే కాసేపటికి గోధుమరంగు మరక పడుతుంది. చర్మంలోని పదార్థాల నుంచి మూడు ఎలక్ట్రాన్లు తీసుకుని +7 కాస్తా +4 దగ్గర ఆగిపోయింది. ఆ మరక మాంగనీస్ డయాక్సైడ్, నల్లని పైరోలుసైట్‌లో ఉన్నదే. సబ్బుతో ఎంత తోమినా పోదు. నిమ్మకాయ చెక్కతో రుద్దితే నెమ్మదిగా వదులుతుంది. నిమ్మరసంలో ఆమ్లమూ ఉంది, ఎలక్ట్రాన్లు ఇచ్చే విటమిన్ సి కూడా ఉంది. మిగిలిన రెండు ఎలక్ట్రాన్లు అక్కడ దొరుకుతాయి. +4 కాస్తా +2 అయి, రంగు లేకుండా నీళ్లలో కలిసిపోతుంది.